లిపి లేని భాష నేర్పిన పాఠం : గిడుగు వెంకట రామమూర్తి

(ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు జయంతిని ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం విదితమే. గ్రాంథిక వాదులతో ఆయన సాగించిన పోరాటం కూడా సుపరిచితమే. అయితే ఆ పోరాటానికి కావలసిన చూపు ఆయనకు తెలుగు గ్రంథాల వల్ల కాక, అక్షరమే లేని సవర భాష వల్ల అలవడిందన్న అంశానికి తగినంత ప్రాచుర్యం లభించలేదు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో విద్యాభ్యాసం చేశారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరి, పనిచేస్తూనే బి.ఏ. పట్టా పొందారు. ముఖలింగ క్షేత్రంలోని శాసనాల లిపిని ఎవరి సహాయమూ లేకుండా స్వయంగా చదవనేర్చుకున్నారు.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో నివసించే సవరలకు చదువు చెప్పాలన్న సంకల్పం ఆయనకు కలిగింది. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన వ్యక్తిని తన ఇంటనే ఉంచుకుని ఆ భాషను అభ్యసించారు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, చూసి చదువుకునేందుకు ఒక్క పుటైనా లేదు. చెవి ఒక్కటే ఆధారం. మన్యంలో తిరుగుతుండగా సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ ఆ చెవినే దెబ్బతీసింది. వినికిడి లోపం ఆయనను జీవితాంతం వెన్నాడింది. అయినా పని ఆపలేదు. సవర భాషలో వాచకాలు, పాటలు, కథలు సిద్ధపరచి, సొంత డబ్బుతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించారు. ఈ సేవను గుర్తించి ప్రభుత్వం 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదునిచ్చింది.

తొలుత సవర మాటలను తెలుగు లిపిలోనే రాశారు. చిక్కు అక్కడే ఎదురైంది. సవరలో అచ్చును పలుకుతూ గొంతును క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. అక్షరం లేని ధ్వనిని అక్షరాస్యుని చెవి తేలికగా జారవిడుస్తుంది, లేదా తనకు తెలిసిన మరొక ధ్వనిగా పొరబడుతుంది. ఆ భాషకు వ్యాకరణం రాసే నాటికి రామమూర్తి రోమన్ అక్షరాలకు దీర్ఘాన్ని, గొంతు బిగింపును సూచించే ప్రత్యేక చిహ్నాలు చేర్చుకున్నారు. లిపి భాష కాదు, భాషకు తొడిగిన అంగీ మాత్రమేనన్న ఎరుక ఆయన శ్రమకు దక్కిన ఫలితమని భావించవచ్చు.

1906-07 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ ప్రజలు మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకని ప్రశ్నించారు. విశాఖపట్నంలోని కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, రామమూర్తి ఈ ప్రశ్నను పట్టుకుని ఉద్యమించారు. పండితుల దృష్టిలో రాతలో ఉన్నదే భాష, నోట పలికేది దాని అపభ్రంశం. పలుకులో వినిపించకున్నా అరసున్న రాయవలసిందే. ర-కారంలో ఎన్నడో కలిసిపోయిన బండి ఱ-ను వేరుగా గుర్తుంచుకోవలసిందే. మరోవంక, నోట ఉన్నవి కొన్ని కంటికి ఆననే లేదు. చలి, చిలుక అన్న మాటలలోని చ-కారాలు రెండూ ఒకటి కావు. అక్షరం ఒకటే కావడంతో, చదువుకున్నవారిలో అనేకులు ధ్వని కూడా ఒకటేనని అనుకుంటారు. కోస్తా జిల్లాల వారు భూతకాల క్రియలలో పలికే, ఆ-కు ఏ-కు నడుమనుండే దీర్ఘాచ్చుకు నేటికీ అక్షరం లేదు. ఈ వ్యవహారంలో బలైనది పరీక్షలు రాసే విద్యార్థి. తాను మాట్లాడే భాషే తప్పని బడిలో నేర్చుకోవలసి వచ్చింది.

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథికం పక్షాన నిలిచారు. 1914లో గురజాడ అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి ఏడు కన్నుమూయడంతో భారమంతా రామమూర్తిపై పడింది. 1919లో ఆయన ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. గ్రాంథికాన్ని విధిగా పాటించాలనే పండితుల రచనలలోనే దొర్లిన వ్యావహారిక రూపాలను ఏరి చూపడం ఆయన ప్రధానాయుధం. కలం ఎంత జాగ్రత్తపడినా చెవికి అలవడిన భాష దానిని దాటి బయటపడుతుందన్నది ఆయన పట్టుకున్న కీలకం. సభలలో ఆయన వాదం కటువుగా సాగేదన్నదీ వాస్తవమే. నొచ్చుకున్నవారు లేకపోలేదు.

ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసులో ప్రచురించారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆ తరువాత వెలువడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన నాడే, అర్ధశతాబ్దం నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. అదే సంవత్సరం సవరలలో మంగై గొమాంగో తమ భాషకు సొరంగ్ సోంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించడం గమనార్హం. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తిని కళాప్రపూర్ణతో సత్కరించింది.

ఆయన చివరి విన్నపం పాత్రికేయులకే. అప్పటికి శిష్యుడు తాపీ ధర్మారావు ‘జనవాణి’లో వాడుక భాషకు చోటిచ్చినా, పలు పత్రికలు గ్రాంథికాన్ని వీడలేదు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో సమావేశమైన సంపాదకులను ప్రజల భాషలో రాయవలసిందిగా ఆయన అభ్యర్థించారు. వారం రోజులకు, జనవరి 22న, పరమపదించారు.