భండారు అచ్చమాంబ

పాఠశాలకు బోనివారికి విద్య యబ్బదని తలంచువారు భండారు అచ్చమాంబగారి చరిత్రము నెఱుగవలయును. ఈమె 1874వ సంవత్సరమున కృష్ణామండలమున జన్మించెను. ఆఱవయేట తండ్రి గతించెను, పదియవయేట వివాహమయ్యెను. బడిచదు వామెకు లభింపలేదు. మధ్యపరగణాలలో నుద్యోగియైన భర్త యింట తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు పాఠములు చదువుచుండగా, ప్రక్కన గూర్చుండి తెలుగును హిందీని నేర్చుకొనెను. దినదినపఠనముచే పిమ్మట మరాఠీ, బంగాళీ, గుజరాతీ భాషలును గొంత సంస్కృతమును నామెకు స్వాధీనమయ్యెను. కన్నబిడ్డ లిరువురును మరణించినను పఠనమును విడువలేదు. ఆ దుఃఖమునందే పరులకు దోడ్పడ నేర్చెను. తాను చదివిన సచ్చరిత్రములు సోదరీమణులకును దెలియవలెనని 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905లో అల్పవయస్సుననే పరలోకగత యయ్యెను.

చదివినది తనయందే నిలిచిన నలంకారము. పరులకు బ్రవహించిన నది శీలము. గొల్లపల్లి మొదలుకొని యే పల్లెయందైనను, పిల్లలు పాఠము చదువు ప్రతిగృహమునను, చదువునకు నోచని పెద్దలును ప్రతిదిన మొక గడియ వారి ప్రక్కన గూర్చుందురుగాక యని మేము కోరుచున్నాము.