పలుకుల పరిశోధకులు గిడుగు రామమూర్తి పంతులుగారు

మన కళింగసీమ కన్న మహనీయులలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు అగ్రగణ్యులు. వారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే పితృవియోగము సంభవింపగా, మన గరివిడికి చేరువనున్న విజయనగరమున మేనమామగారి యింటనుండి, మహారాజావారి పాఠశాలలో చదివిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి.

అచ్చట కొండలనుండి దిగివచ్చు శవరుల మాట వారి చెవినిబడెను. ఆ భాషను నేర్వ సంకల్పించి మన్యమున సంచరించిరి. మలేరియా పట్టగా క్వినైను సేవించిరి. దానివలన కలిగిన చెవుడు జీవితాంతము వదలలేదు. పలుకులను పట్టుకొనుటయే పనిగా పెట్టుకొన్నవారికి ఇంతకన్న కష్టమేమి గలదు?

అయినను పలుకు చెవి యొక్కదాని సొత్తు కాదు. మన వైయాకరణులు వర్ణములను కంఠ్య, తాలవ్య, మూర్ధన్య, దంత్య, ఓష్ఠ్యములని విభజించినది అవి పుట్టు చోటులనుబట్టియే. ‘త’ అనునపుడు నాలుకకొన పండ్లను తాకును. ‘ట’ అనునపుడు వెనుకకు మడిగి అంగిటిని తాకును. ఎదిగినపిదప చెవి మందగించినవారి ఉచ్చారణను ఈ స్పర్శ చాలవరకు కాపాడుచుండును. ఎదుటివారి పెదవుల కదలికయు కొంత తెలుపును. కాని ‘ప, బ, మ’లు మూడును కంటికొక్కటే. నోటి కదలికను చూచుట చెవి వినుదానిని సైతము మార్చునని 1976లో మెగర్కు, మెక్‌డొనాల్డు అను శాస్త్రజ్ఞులు చూపిరి. వినువారి ముఖచర్మమును యంత్రముతో సాగదీయగా వినబడు అచ్చు వేరుగా తోచుటయు 2009లో వెల్లడియైనది.

శవరభాషలో గొంతును క్షణము బిగబట్టి పలుకు ధ్వనులు గలవు. వానికి మన అక్షరములు చాలవు. చెవుడు బాధించుచున్నను పంతులుగారు అట్టి ధ్వనులను ఓపికతో పరిశీలించిరి. వారు రచించిన శవరభాషా వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. శవర బాలురకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసిరి. జనుల నాలుకపై నాడుచున్న మాటయే సజీవమను ఈ నమ్మకముతోనే తెనుగున వ్యావహారికోద్యమమును నడపి, 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించిరి. ఒరిస్సా రాష్ట్ర మేర్పడిన 1936లో పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న పరమపదించిరి.

మన చదువరులలో చెవి మందగించిన పెద్దలు గలరు. వారితో పలుకునపుడు కేకలు వేయక, ఎదుట నిలిచి, పెదవులు కనబడునట్లు నిదానముగ మాటలాడుదము. పిల్లలకు అక్షరములు చెప్పునపుడు, ఏ అక్షరమునకు నాలుక ఎచ్చట తాకునో చూపుదము. పంతులుగారికి మనము చేయదగిన సేవ ఇదియే.