రివెట్ల యుగాన్ని దాటించిన వంతెనల ఆచార్యుడు ఎవ్‌గెనీ పాటన్

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేటకు ఆ పేరు టాటాల వ్యవసాయ పనిముట్ల కర్మాగారం నుంచి వచ్చింది. పారలకు, గునపాలకు పేరుపొందిన ఆ ఊరి ఉక్కే 1943 ఫిబ్రవరిలో ప్రారంభమైన హౌరా వంతెనకు వెన్నెముక అయింది. వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటా కంపెనీ అందించినదే. ఆ ఉక్కునంతా కలిపి పట్టి ఉంచినవి రివెట్లు. రంధ్రం తొలచాలి, ఎర్రగా కాల్చిన రివెట్టును అందులో దూర్చాలి, రెండో కొనను మొత్తి తల చేయాలి. పెద్ద వంతెన అంటే అప్పట్లో ఇంజనీర్లు ప్రధానంగా నమ్మింది ఈ పద్ధతినే. ఆ నమ్మకాన్ని మార్చడానికి చివరి 24 ఏళ్లు వెచ్చించిన శాస్త్రవేత్త ఎవ్‌గెనీ ఓస్కరోవిచ్ పాటన్. అంతకుముందు ఆయన కూడా రివెట్ల వంతెనలు కట్టినవారే.

పాటన్ 1870లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో జన్మించారు. తండ్రి అక్కడ రష్యా కాన్సుల్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1894లో ఇంజనీరింగ్ పూర్తి చేసినా, రష్యాలో వంతెనలు కట్టాలంటే ఆ దేశపు పట్టా కావలసి వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మళ్లీ విద్యార్థిగా చేరి 1896లో దాన్నీ సాధించారు. 1904లో కీవ్ పాలిటెక్నిక్‌లో ఆచార్యుడయ్యారు. 1920లో యుద్ధంలో కూలిన ద్నీపర్ నది గొలుసు వంతెన స్థానంలో 1925 నాటికి లేచిన వంతెన ఆయన రూపకల్పనే.

1929లో ఉక్రెయిన్ విజ్ఞాన అకాడమీ సభ్యుడయ్యేనాటికి ఆయనకు 59 ఏళ్లు. విశ్రాంతి గురించి ఆలోచించవలసిన వయసులో, పేరు తెచ్చిన రంగాన్ని పక్కన పెట్టి ఒక చిన్న వెల్డింగ్ ప్రయోగశాల తెరిచారు. విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి అతికే విద్య అప్పటికి కొత్తది కాదు. 1880లలోనే నికొలాయ్ బెనార్దోస్ దాన్ని చేసి చూపారు. చిక్కంతా నమ్మకంలో ఉంది. అతుకు గట్టిదనం పూర్తిగా కార్మికుడి చేతి నిలకడ మీద ఆధారపడేది. కరిగిన లోహంలోకి గాలి చేరితే అతుకు పెళుసవుతుంది. పైకి నున్నగా కనిపించేది లోపల బోలుగా ఉండవచ్చు. అతుకును లెక్క కట్టగలిగే, యంత్రం చేయగలిగే పనిగా మార్చడమే పాటన్ పట్టుదల. 1934లో ఆ ప్రయోగశాల విద్యుత్ వెల్డింగ్ సంస్థగా ఎదిగింది.

1939-40లో అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో యంత్రం వెల్డింగ్ తీగను అందిస్తుంటే, ఇసుకలాంటి ఫ్లక్స్ పొడి పొర కింద ఆర్క్ మండుతుంది. పొడి కరిగి, గాజు పెచ్చులా అతుకును కప్పి గాలిని అడ్డుకుంటుంది. కళ్లు చెదిరే వెలుగుండదు, నిప్పురవ్వలు ఎగరవు. బలమైన విద్యుత్తును పంపవచ్చు కనుక పని వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇలాంటి విధానం అమెరికాలో అప్పటికే కొన్నేళ్లుగా ఉంది. ఘనత మొత్తం పాటన్‌కే కట్టబెట్టే కథనాలు ఈ సంగతిని దాటవేస్తుంటాయి. అయితే కీవ్ బృందం తన ఫ్లక్స్‌ను, తన యంత్రాలను తానే తయారు చేసుకుంది.

1941లో జర్మన్ సేనలు విరుచుకుపడటంతో సంస్థ ఉరల్ ప్రాంతంలోని నిజ్నీ తగిల్‌కు, ట్యాంకుల కర్మాగారం ఆవరణలోకి తరలింది. టి-34 ట్యాంకు కవచపు ఉక్కును వెల్డింగ్ చేస్తే పగుళ్లు వచ్చేవి. అతుకు సందులో ముందుగానే తక్కువ కార్బన్ ఉన్న తీగను పరిచి ఆ పగుళ్లను అరికట్టారు. ఫ్లక్స్ దొరకనప్పుడు బ్లాస్ట్ ఫర్నేస్ లోహమలంతో పని నడిపించారు. పాటన్ సహచరుడు వ్లాదిమిర్ ద్యాత్లోవ్ మరో కీలక విషయం గుర్తించారు: తీగను ఒకే వేగంతో అందిస్తే చాలు, ఆర్క్ తన పొడవును తానే సర్దుకుంటుంది. ఆర్క్ పొడవు పెరిగితే విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. తీగ నెమ్మదిగా కరుగుతుంది. ఆర్క్ మళ్లీ కురచవుతుంది. దీంతో క్లిష్టమైన నియంత్రణ పరికరాల అవసరం తప్పింది. నిపుణులు యుద్ధరంగానికి వెళ్లిన వేళ, అంతకుముందు వెల్డింగ్ ఎరుగని స్త్రీలు, కౌమారంలో ఉన్న పిల్లలు ఆ యంత్రాలను నడిపారు.

1944లో సంస్థ కీవ్‌కు తిరిగి వచ్చేసరికి ఆయన రూపొందించిన ఆ వంతెన లేదు; 1941లోనే పేల్చివేతకు గురైంది. ద్నీపర్ మీద కొత్త వంతెనను పూర్తిగా వెల్డింగ్‌తో కట్టాలన్నది పాటన్ ప్రతిపాదన. భయపడటానికి కారణాలు లేకపోలేదు. బెల్జియంలోని హాసెల్ట్ వద్ద వెల్డింగ్ వంతెన 1938లో విరిగి కూలింది. యుద్ధకాలంలో అమెరికా కట్టిన వెల్డింగ్ నౌకలు కొన్ని చలికి పగిలాయి. అందుకే వెల్డింగ్‌కు తగిన ఉక్కును ప్రత్యేకంగా ఎంచి, అతుకుల పనిని వీలైనంత యంత్రాలకే అప్పగించారు.

1,543 మీటర్ల ఆ వంతెన 1953 నవంబర్ 5న ప్రారంభమైంది. పాటన్ దాన్ని చూడలేదు. ఆగస్టు 12న, 83వ ఏట మరణించారు. వంతెనకు ఆయన పేరే పెట్టారు. 1995లో అమెరికన్ వెల్డింగ్ సొసైటీ దాన్ని చారిత్రక వెల్డింగ్ నిర్మాణంగా గుర్తించింది. సంస్థ పగ్గాలు 1953లోనే ఆయన కుమారుడు బోరిస్ చేతికి వచ్చాయి. 2020లో కన్నుమూసే వరకు ఆయనే దాని సంచాలకులు.