హైగేట్ గృహములో పద్దెనిమిది సంవత్సరములు

ఆంగ్ల కవియు, వేదాంత పండితుడునైన శామ్యూల్ టేలర్ కోలరిడ్జ్ 1772 అక్టోబరు 21వ తేదీన ఇంగ్లండులోని ఆటరీ సెయింట్ మేరీ అను ఊరిలో ఆంగ్లికన్ సంఘ గురువు కుమారుడుగా జన్మించెను. 1798లో వర్డ్స్‌వర్త్‌తో కలిసి వెలువరించిన కవితా సంపుటము వలన ఆయన పేరు ఆంగ్ల సాహిత్యములో స్థిరపడెను.

యౌవనమునుండియు ఆయనను కీళ్లనొప్పులు బాధించెను. నల్లమందును సారాయిలో కరగించి చేసిన లాడనమ్ ఆనాడు ఏ అంగడిలోనైనను దొరకుచుండెను. వైద్యులే దానిని ఇచ్చుచుండిరి. తల్లులు ఏడ్చు పసిబిడ్డలకును పోయుచుండిరి. 1868లో చట్టము వచ్చువరకు దాని అమ్మకమునకు అడ్డులేకుండెను. నొప్పి తగ్గుటకై ఆయన దానిని పుచ్చుకొనెను. కొన్ని యేండ్లకు అది లేక నిలువజాలని స్థితికి వచ్చెను. మానబూనినప్పుడెల్ల చెమటలు, కడుపులో తీపులు, భయంకరమైన స్వప్నములు ఆయనను కృంగదీసెను. భార్యాబిడ్డల పోషణభారము చాలవరకు బంధువైన సదీపై పడెను. చేసిన వాగ్దానములు నెరవేరలేదు.

1814లో బ్రిస్టల్ నగరమందు, ఆయన తొలి గ్రంథముల ప్రచురణకర్తయు భక్తిపరుడునైన జోసెఫ్ కాటిల్ ఈ సంగతి తెలిసికొని, మందు మానుమని తీవ్రముగా గద్దించుచు లేఖ వ్రాసెను. కోలరిడ్జ్ తన పాపమును కాదనలేదు. అయితే మానవలెనను తలంపు తనకు కొదువలేదనియు, దానిని నెరవేర్పవలసిన చిత్తమే రోగగ్రస్తమైనదనియు వివరించెను. రెండు చేతులు చచ్చుబడినవానితో చేతులు రుద్దుకొమ్మనుట ఎట్టిదో ఈ గద్దింపును అట్టిదేయని ఆయన భావము. తన్ను వైద్యుని కాపుదలలో ఉంచుమని వేడుకొనెను.

ఆ కాపుదల 1816 ఏప్రిల్‌లో లండను చెంతనున్న హైగేట్‌లో లభించెను. వైద్యుడైన జేమ్స్ గిల్మన్‌కు ముందుగా వ్రాసిన లేఖలో, తన నోట అబద్ధము రాదు గాని ఈ మందు విషయములో తన క్రియలు మోసము చేయగలవనియు, మొదటి వారము తన్ను ఒంటరిగా బయటికి పోనీయవద్దనియు ఆయన కోరెను. ఒక నెల ఉండవలెనని వచ్చినవాడు పద్దెనిమిది సంవత్సరములు ఆ ఇంటనే యుండెను. గిల్మన్ మోతాదు కొలిచి ఇచ్చుచుండెను. ఆయన భార్య ఆన్ ఆదరముతో పరిచర్య చేసెను. కోలరిడ్జ్ సంపూర్ణముగా విడుదల పొందలేదు. రహస్యముగా అంగడినుండి మందు తెప్పించుకొనిన దినములును కలవు. అయినను ఆ దంపతులు ఆయనను వెళ్లగొట్టలేదు.

ఆ ఇంటనుండియే 1817లో ఆయన సాహిత్య జీవితచరిత్రయు, 1825లో క్రైస్తవ ధ్యానమునకు తోడ్పడు గ్రంథమును వెలువడెను. మానవుని చిత్తమే చెడిపోయినదనియు, అది తన్ను తాను బాగుచేసికొనజాలదనియు, దానికి విమోచకుడు కావలెననియు ఆ గ్రంథములో ఆయన బోధించెను. ఈ సిద్ధాంతమును ఆయన తన దేహమందే అనుభవించియుండెను. 1834 జూలై 25వ తేదీన ఆ ఇంటనే కన్నుమూసెను.

వ్యసనము మెదడు పనితీరును మార్చు వ్యాధియని నేటి వైద్యశాస్త్రము గుర్తించుచున్నది. ఇందువలన పశ్చాత్తాపము అనవసరమని కాదు. పశ్చాత్తాపపడినవానికి సయితము వైద్యుడు, కాపుదల, దీర్ఘశాంతముగల గృహము అవసరమని అర్థము. త్రాగుడుకు బానిసయైనవాడు సంఘద్వారము నొద్దకు వచ్చినప్పుడు కాటిల్ వలె గద్దించుట సులువు. గిల్మన్ దంపతులవలె, అతడు మరల పడిన దినమున సయితము తలుపు తెరచియుంచుట ప్రభువు ప్రేమకు తగిన పరిచర్య.