42 ఏళ్లకు ఉద్యోగం పోయింది.. అసలు కెరియర్ అక్కడే మొదలైంది!

1943 అక్టోబరు. అర్జెంటీనాలో సైన్యం అధికారం చేజిక్కించుకుని నాలుగు నెలలైంది. దేశ కేంద్ర బ్యాంకుని అది పుట్టిన 1935 నుంచీ నడుపుతున్న జనరల్ మేనేజర్‌ని ఉన్నట్టుండి తప్పించారు. ఆ బ్యాంకు చట్టం తయారీలో ప్రధాన పాత్ర ఆయనదే. అయినా ఎవరూ ఆగి ఆలోచించలేదు. అప్పటికి ఆయన వయసు 42. చేతిలో మిగిలింది యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే పని ఒక్కటే.

ఆయన పేరు రౌల్ ప్రెబిష్. పోటీ పరీక్షల ఎకానమీ పుస్తకాల్లో ‘ప్రెబిష్-సింగర్ సిద్ధాంతం’ అని ఒక లైను కనిపిస్తుంది కదా, ఆ ప్రెబిషే. మనం దాన్ని ఒక బిట్టుగా బట్టీపట్టి వదిలేస్తాం. ఆ లైను వెనక ఓ ఓడిపోయిన బేరం ఉంది.

ప్రెబిష్ 1901 ఏప్రిల్ 17న ఉత్తర అర్జెంటీనాలోని టుకుమాన్‌లో పుట్టారు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. 17 ఏళ్లకు బ్యూనస్ ఎయిర్స్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ కోర్సులో చేరారు. చిన్న వయసులోనే అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. ఆ తర్వాత ప్రభుత్వ బ్యాంకులో పరిశోధన విభాగం పెట్టారు. ఎగుమతులు, ధరలు, పన్నులు.. ఏ విషయమైనా ముందు అంకెలు సేకరించడం ఆయనకు అలవాటు. మిగతా కథంతా ఈ అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

1929 మాంద్యం అర్జెంటీనాని గట్టిగా దెబ్బతీసింది. ఆ దేశం అమ్మేది గోధుమలు, మొక్కజొన్న, మాంసం. కొనేది యంత్రాలు, బొగ్గు. తాను అమ్మేవాటి ధర కుప్పకూలింది, కొనేవాటి ధర అంతగా తగ్గలేదు. పైగా 1932లో ఒట్టావా ఒప్పందాలతో బ్రిటన్ తన సామ్రాజ్యంలోని దేశాలకే పెద్దపీట వేసింది. అర్జెంటీనా మాంసానికి పెద్ద కొనుగోలుదారు బ్రిటనే. ఆ గిరాకీ పోతే దేశం గతేంటి?

దీనిమీద బేరమాడటానికి 1933లో లండన్ వెళ్లిన బృందంలో ప్రెబిష్ సలహాదారు. మే 1న కుదిరిన రోకా-రన్సిమన్ ఒప్పందంలో అర్జెంటీనాకు దక్కింది ఒక్కటే: ఇంతకుముందు కొన్న స్థాయిలో మాంసం కొంటామన్న హామీ. బదులుగా బ్రిటిష్ సరుకులకు సుంకాలు తగ్గించాలి, బ్రిటిష్ కంపెనీలను బాగా చూసుకోవాలి. ఎగుమతి వ్యాపారంలో చాలావరకు విదేశీ మాంసం కంపెనీల చేతిలోనే ఉండిపోయింది. దేశంలో జనం మండిపడ్డారు. ఇంతకంటే దారి లేదని ప్రెబిష్ వాదించారు. నిజమే కావచ్చు. మార్కెట్ యార్డులో ఒకే ఒక్క వ్యాపారి ఉన్నప్పుడు సరుకు దింపేసిన రైతు ఎంతసేపని బేరమాడతాడు?

ఆ ప్రశ్నని ఆయన వదల్లేదు. ఉద్యోగం పోయిన ఏళ్లలో మళ్లీ పాఠాలు చెప్పుకుంటూ, రాసుకుంటూ గడిపారు. వాషింగ్టన్‌లో ఐఎంఎఫ్‌లో ఉద్యోగం వచ్చినట్టే వచ్చి జారిపోయింది. 1949లో చిలీ రాజధాని శాంటియాగోలో అప్పుడప్పుడే మొదలైన ఐక్యరాజ్యసమితి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘం (సెపాల్)లో సలహాదారుగా చేరారు. మొదట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అదే ఏడాది మేలో హవానా సమావేశానికి ఆయన ఓ నివేదిక రాశారు. అందులో ఒక పట్టిక ఉంది. 1876-80లో ఒక మోతాదు ముడిసరుకు అమ్మితే వచ్చే పారిశ్రామిక వస్తువులను 100 అనుకుంటే, 1936-38 నాటికి అంతే సరుకుకు వచ్చేది 64 మాత్రమే. ఎందుకిలా? మంచిరోజుల్లో పారిశ్రామిక దేశాల్లో జీతాలు పెరుగుతాయి. చెడ్డరోజుల్లో అక్కడి కార్మిక సంఘాలు వాటిని అంత తేలిగ్గా తగ్గనివ్వవు. దాంతో భారమంతా ముడిసరుకు అమ్మే దేశాల మీదికి దొర్లుతుంది. దాదాపు అదే సమయంలో హాన్స్ సింగర్ విడిగా ఇదే నిర్ణయానికి వచ్చారు. ఆ లెక్కపై ఆర్థికవేత్తల వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ చిన్న దేశాల ప్రతినిధికి మొదటిసారి ఫిర్యాదు బదులు చేతిలో పట్టిక వచ్చింది.

1950 నుంచి 1963 దాకా సెపాల్‌కు ఆయనే అధిపతి. మధ్య అమెరికాలోని బుల్లి దేశాలు ఉమ్మడి మార్కెట్ కట్టుకోవడానికి ఆ సంస్థ నిపుణులు ఏళ్ల తరబడి పనిచేశారు. 1960లో ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాత ఇంకా పెద్ద బల్ల. అప్పటి ‘గాట్’ చర్చల్లో ఒక వస్తువు మీద సుంకం గురించి దాని ప్రధాన సరఫరాదారుతోనే బేరం నడిచేది. ఏ వస్తువులోనూ ప్రధాన సరఫరాదారు కాని చిన్న దేశం బయట కూర్చోవాల్సిందే. కోకో గింజకు తక్కువ సుంకం, దాంతో చేసిన చాక్లెట్‌కు ఎక్కువ. అంటే పేద దేశం గింజ దగ్గరే ఆగిపోవాలన్నమాట. 1964 మార్చి 23న జెనీవాలో మొదలైన అంక్టాడ్ తొలి సదస్సుకు ప్రెబిష్ సెక్రటరీ జనరల్. 120 దేశాలు వచ్చాయి. పన్నెండు వారాలు సాగదీసిన చర్చలవి. ముగింపుకు ఒకరోజు ముందు, జూన్ 15న, 77 దేశాలు ఒకే గొంతుతో ప్రకటన చేశాయి. అదే జీ-77. మన దేశమూ అందులో ఉంది. ఐరాస అధికారి అయ్యుండి ఒక పక్షాన నిలబడుతున్నారని ధనిక దేశాలు ఆయన మీద గుర్రుగా ఉండేవి.

రెండో సదస్సు 1968లో మన ఢిల్లీలోనే జరిగింది. పేద దేశాల సరుకులకు తక్కువ సుంకం అనే జీఎస్‌పీ పద్ధతికి అక్కడే సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ఎగుమతి కంపెనీలో చేరితే మొదటి వారంలోనే ఈ మాట మీ చెవిన పడుతుంది. అమల్లోకి వచ్చేసరికి 1971 అయింది. అదీ బోలెడు మినహాయింపులతో. బట్టలు, పంటలు లాంటి అసలు సరుకుల్లో చాలావాటిని ధనిక దేశాలు పక్కన పెట్టేశాయి. ప్రెబిష్ అప్పటికే, 1969లో, పదవి వదిలేశారు. 1974లో భారత ప్రభుత్వం ఆయనకు నెహ్రూ అవార్డు ఇచ్చింది.

అన్నీ గెలుపులే అనుకోవద్దు. 1955లో పెరోన్‌ని కూలదోసిన సైనిక ప్రభుత్వానికి ఆయన ఆర్థిక ప్రణాళిక రాసిచ్చారు. సొంత దేశంలో చాలామంది దాన్ని క్షమించలేదు. దేశీయ పరిశ్రమలను కాపాడాలన్న ఆయన మాటను పట్టుకుని ప్రభుత్వాలు సుంకాల గోడలు అతిగా కట్టాయి. 1960ల మొదట్లో ఆ అతిని ఆయనే విమర్శించారు.

1976లో, 75 ఏళ్ల వయసులో, మళ్లీ సెపాల్‌లో పత్రిక సంపాదకుడిగా కూర్చున్నారు. పాత సిద్ధాంతాలను తానే తిరగరాసుకుంటూ వచ్చారు. 1983లో అర్జెంటీనాలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక అధ్యక్షుడు అల్ఫొన్సిన్ సలహా కోసం పిలిస్తే వెళ్లారు. 1986 ఏప్రిల్ 29న శాంటియాగోలో కన్నుమూసే నాటికి ఆ పత్రిక సంపాదకుడు ఇంకా ఆయనే.