కాఫీ గింజ నుంచి పసి ఊపిరి దాకా

ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున్నే కలకడలో బస్సెక్కే ముందు మనం గబగబా తాగే కాఫీలో కెఫిన్ ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెంటిలేటర్ నుంచి బయటికి తేవడానికి ఐసీయూలో వాడే మందు కూడా అదే. దాన్ని 1819లో కాఫీ గింజల నుంచి మొదట విడదీసింది ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగె అనే జర్మన్ కుర్రాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు, చదువు అప్పుడే పూర్తవుతోంది.

1794లో హాంబర్గ్ దగ్గర ఓ పాస్టర్ ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే ల్యూబెక్‌లో మందుల షాపులో పనికి కుదిరాడు. ఓ రోజు బెల్లడోనా మొక్క రసం కంట్లో చింది కంటిపాప పెద్దదైపోయింది, చూపు మసకబారింది. ఇంకొకరైతే కన్ను కడుక్కుని మర్చిపోయేవారు. ఇతను మాత్రం ఆ మొక్కనే పట్టుకున్నాడు. తర్వాత యేనాలో చదువుతుండగా ప్రొఫెసర్ డోబరైనర్ ద్వారా ఆ సంగతి మహాకవి గోథె దాకా వెళ్లి, పిలుపొచ్చింది. సరైన కోటు లేక అరువు తెచ్చుకున్నాడు (ఫార్మల్స్ కోసం రూమ్మేట్‌ని బతిమాలే మనకి ఇది కొత్తేం కాదు). కంటిపాప విప్పారిన పిల్లిని చంకలో పెట్టుకుని వెళ్లి చూపించాడు. గోథె ముచ్చటపడి, అప్పట్లో అరుదైన కాఫీ గింజలు కొన్ని చేతిలో పెట్టి వాటి సంగతి చూడమన్నాడు. కొన్ని నెలల్లోనే వాటి నుంచి తెల్లటి పదార్థం బయటపడింది.

తర్వాతి కెరీర్ సాఫీగా సాగలేదు. బ్రెస్లావ్‌లో ప్రొఫెసర్ పని వదిలేసి, బెర్లిన్ దగ్గర ఒరానియన్‌బర్గ్‌లో ఓ కెమికల్ ఫ్యాక్టరీలో చేరాడు. 1834లో బొగ్గు తారులో అనిలిన్, ఫినాల్ గుర్తించాడు. దీంతో రంగులు తయారు చేద్దామంటే మేనేజ్‌మెంట్ పట్టించుకోలేదు. 22 ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో పెర్కిన్ అనిలిన్‌తోనే ఊదా రంగు చేశాడు, పెద్ద పరిశ్రమే పుట్టింది. రుంగెకు అందులో ఏమీ దక్కలేదు. చివరికి ఉద్యోగమూ పోయి, 1867లో పేదరికంలోనే కన్నుమూశాడు.

ఇంతకీ ఆ తెల్లటి పదార్థం పసిబిడ్డల దగ్గరికి ఎలా చేరింది? మరీ ముందుగా పుట్టిన పిల్లల మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా ఎదగదు. ఒక్కోసారి 20 సెకన్లు, అంతకంటే ఎక్కువ సేపు శ్వాస ఆగిపోతుంది. వెంటిలేటర్ ప్రాణం నిలబెడుతుంది, కానీ ఆ గాలి ఒత్తిడి, ఆక్సిజన్ లేత ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. గొట్టం తొందరగా తీసేయాలి. తీశాక ఊపిరి ఆగితే మళ్లీ పెట్టాలి. డాక్టర్లకి అసలు చిక్కు ఇక్కడే. మెదడులో అడినోసిన్ అనే పదార్థం శ్వాసను మందగింపజేస్తుంది. కెఫిన్ దానికి అడ్డుపడుతుంది. రాత్రి చదువులో మనకు నిద్ర పట్టనివ్వనిదీ ఇదే పని.

1970ల్లో డాక్టర్లు దీన్ని పసిపిల్లలకు వాడటం మొదలుపెట్టారు. 2006లో వెలువడిన ఓ పెద్ద ట్రయల్‌లో 500 నుంచి 1250 గ్రాముల బరువున్న 2006 మంది శిశువులున్నారు (ఏడాది, లెక్క ఒకటే కావడం యాదృచ్ఛికమే). కెఫిన్ అందిన పిల్లలకు ఊపిరి యంత్రాల అవసరం సుమారు వారం ముందే తీరిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు కూడా తక్కువమందికే వచ్చింది.

ఒక్కమాట, ఇది డాక్టర్లు బరువును బట్టి కొలిచి ఇచ్చే కెఫిన్ సిట్రేట్. ఇంట్లో పసిబిడ్డ నోట్లో కాఫీ చుక్క వేద్దామని మాత్రం ఎవరూ అనుకోకండి.