ప్రాణం పోసిన వడ్రంగి చేతులు: వివియన్ థామస్

దసరా నవరాత్రులలో మహర్నవమి నాడు మనం ఆయుధపూజ చేసుకుంటాం. రైతు నాగలికి, వడ్రంగి ఉలికి బొట్టు పెడితే, ఇక్కడ మనం కారుకీ కంప్యూటరుకీ పెట్టి నమస్కరిస్తున్నాం. పనిముట్టును దైవంగా కొలిచే ఈ పండుగ వేళ, మనం నివసిస్తున్న ఈ అమెరికా గడ్డ మీదే పసిబిడ్డలకు ప్రాణదానం చేసిన ఒక పనివాని కథ మన పిల్లలకు చెప్పడం సముచితమని భావిస్తున్నాం. ఆయనే వివియన్ థామస్.

1910 ఆగస్టు 29న లూసియానాలో ఒక నల్లజాతి కుటుంబంలో ఆయన జన్మించారు. పెరిగింది నాష్‌విల్‌లో. తండ్రి వడ్రంగి, ఆ పని తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. డాక్టరు కావాలని ఆయన కోరిక. చదువు కోసం పైసా పైసా కూడబెట్టారు. 1929 నాటి ఆర్థిక సంక్షోభంలో పని పోయింది. తర్వాత బ్యాంకు దివాలా తీయడంతో దాచుకున్న డబ్బూ పోయింది.

1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ప్రయోగశాలలో సహాయకునిగా చేరారు. చేసేది పరిశోధన, జీతం మాత్రం ఊడ్చి శుభ్రం చేసే పనివాని హోదాలో! 1941లో బ్లాలాక్ బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌కు మారినప్పుడు థామస్‌ను వెంట తీసుకువెళ్ళారు.

గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని. అది పైకి లేచి, గొడుగు పిడిలా వంపు తిరిగి కిందికి దిగుతుంది. తలకూ చేతులకూ వెళ్ళే నాళాలు ఆ వంపు నుండే చీలుతాయి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే వంపు దాటిన చోట నాళం ఇరుకుగా ఉంటుంది. ఎడమ చేతికి వెళ్ళే నాళాన్ని కిందికి మళ్ళించి, ఆ ఇరుకును తప్పించి కలపవచ్చునా అని వారు కుక్కల మీద ప్రయోగాలు చేశారు.

ఆ రోజుల్లోనే పిల్లల గుండె వైద్యురాలు డాక్టర్ హెలెన్ టాసిగ్ మరో సమస్యతో వచ్చారు. ఊపిరితిత్తులకు తగినంత రక్తం అందక పెదవులు, గోళ్ళు నీలంగా మారే పసివాళ్ళ సమస్య అది. చేతికి వెళ్ళే నాళాన్నే ఊపిరితిత్తుల నాళానికి కలిపితే? సుమారు రెండు వందల కుక్కల మీద థామస్ ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. పసివాళ్ళ సన్నని నాళాలకు సరిపోయేలా సూదులనూ పనిముట్లనూ స్వయంగా మలిచారు.

1944 నవంబరు 29న పదిహేను నెలల పాపకు మొదటి ఆపరేషన్ జరిగింది. పాప బరువు సుమారు నాలుగు కిలోలు. కత్తి పట్టింది బ్లాలాక్. ఆయన వెనుక ఒక పీట మీద నిలబడి, కుట్టు కుట్టుకూ దారి చెప్పింది థామస్. ఆ పాప కొన్ని నెలలే జీవించింది. కానీ మూడవ ఆపరేషన్‌లో ఆరేళ్ళ బాబు నీలి పెదవులు బల్ల మీదే గులాబి రంగుకు తిరిగాయి. ఇక దేశదేశాల నుండి తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకుని బాల్టిమోరుకు రాసాగారు.

1945లో వెలువడిన వైద్య వ్యాసంలో బ్లాలాక్, టాసిగ్ పేర్లే ఉన్నాయి. థామస్ పేరు లేదు. ఆయన పని మానలేదు. దేశమంతటా పేరు తెచ్చుకున్న సర్జన్లెందరికో చేతిపని నేర్పారు. ఇల్లు గడవక బ్లాలాక్ ఇంటి విందుల్లో పానీయాలు అందించిన రోజులూ ఉన్నాయి.

1971లో ఆయన శిష్యులైన సర్జన్లు ఆయన చిత్రపటం చేయించి హాప్కిన్స్‌కు సమర్పించారు. 1976లో ఆ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అది వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో! అయినా డాక్టరు చదువు చదవలేకపోయిన ఆ వడ్రంగి డాక్టర్ థామస్ అయ్యారు. 1985 నవంబరు 26న కన్నుమూశారు. 2004లో ఆయన జీవితం టీవీ చిత్రంగా వచ్చింది.

చేతి నాళాన్ని మళ్ళించే ఆలోచన కూడా వృథా పోలేదు. 1966 నుండి అదే నాళాన్ని చీల్చి, మాసికలా మడిచి కుట్టి, పసిపిల్లల బృహద్ధమనిలోని ఇరుకును వెడల్పు చేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. నీలి శిశువుల ఆపరేషన్‌ను ఇప్పుడు చాలామంది వైద్యులు బ్లాలాక్–థామస్–టాసిగ్ పేరుతో పిలుస్తున్నారు.

మన పిల్లల్లో ఎందరో డాక్టర్లు కావాలని మనం కోరుకుంటాం. పట్టా కంటే ముందు పని మీద భక్తి ఉండాలని కూడా వారికి చెబుదాం. ఆసుపత్రిలో, ఆఫీసులో, మన దేవాలయ వంటశాలలో పేరు లేకుండా శ్రమించే వారిని ఈ పండుగ నాడు పేరు పెట్టి పిలిచి, ఒక నమస్కారం చేద్దాం.

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.